అక్క ప్రయాణం బట్టలు

అక్క పోయిందన్న మాట నాకు డ్రైవరు చెప్పాడు. పొద్దున పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దుతున్నాను. ఆయన చెప్పులు బయట విడిచి వంటింట్లోకొచ్చి, "చెల్లే, దవాఖాన నుంచి ఫోన్ అచ్చింది. అక్క ఇగ లేదు" అని గోడకానుకుని నిలబడ్డాడు. జగిత్యాల దగ్గరి మనిషి. ముందురోజు సాయంత్రం ఛాతీలో నొప్పంటే ఆవిడను కారులో తీసుకెళ్ళిందీ ఆయనే. నేను డబ్బాలకు మూతలు పెట్టాను. స్కూలు బస్సు ఆగదు కదా. బస్సు వెళ్ళాక కూర్చుందామనుకుంటే గిన్నెలున్నాయి, గిన్నెలయ్యాక కూర్చుందామనుకుంటే మధ్యాహ్నం వంట ఉంది. ఆవిడ పని కూడా ఆ రోజు నుంచి నాదే. ఏడవడానికి కూడా ఓపిక ఉండాలని అప్పుడే తెలిసింది.

అక్క అంటే తోడబుట్టినది కాదు. దోహా పక్కన ఉమ్ సలాల్‌లో మేం పనిచేసే ఈ విల్లాలో వంట ఆవిడది, పిల్లల పని నాది. ఆవిడది కడప వైపు, మాది నరసాపురం వైపు. ఊళ్ళలో ఉంటే ఒకరి మొహం ఒకరు చూసేవాళ్ళం కాదు. ఇక్కడ ఒకే గదిలో, ఒకే ఏసీ చప్పుడు వింటూ ఏళ్ళ తరబడి పడుకున్నాం. నా పులుసు నోట్లో పెట్టుకుని, "బెల్లం లేకుంటే మీ పక్కోళ్ళు ఏడ్చను గూడా ఏడ్చరేమో మే" అనేది. ఆవిడ కారానికి నా కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే ఎదురుగా కూర్చుని నవ్వేది.

దోహా విమానాశ్రయంలో చిలకాకుపచ్చ వియత్నాం డ్రెస్సు వేసుకుని, నుదుట పెద్ద ఎర్ర బొట్టుతో, చామనఛాయలో ఓ లావుపాటి మనిషి ఎప్పుడైనా మీకు ఎదురుపడి ఉంటే, ఆవిడే మా అక్క.

ఆ డ్రెస్సు కథ చెప్పాలి. ఒకసారి సెలవుల్లో మేడమ్ వాళ్ళు వియత్నాం వెళ్తూ పిల్లలను చూసుకోవడానికి మమ్మల్నీ తీసుకెళ్ళారు. దర్జీ కొట్లు వరసగా ఉన్న ఒక పాత ఊళ్ళో మేడమ్ తన కూతుళ్ళకు అక్కడి సంప్రదాయ దుస్తులు కుట్టించింది. ఫోటోలో అందరూ ఒకేలా ఉండాలని మాకూ కుట్టించింది. పాదాల దాకా దిగే పొడవాటి చొక్కా, నడుము నుంచి రెండు పక్కలా చీలిక, కింద వదులు పైజమా, మెడకు బిగుతుగా నిలువు కాలరు. కాలరు నుంచి చంక కిందుగా పక్కకి దిగే టిచ్ బటన్లు. కొలతలు తీసుకుంటుంటే అక్క ఊపిరి బిగబట్టి, మెడ సాగదీసి, ఫోటోకి నిలబడ్డట్టు నిలబడింది. ఆ కొలతకే కుట్టారు. మామూలుగా ఊపిరి పీలిస్తే కాలరు పట్టదు. పైగా పైజమా మీద లంగా కట్టుకుని బయటికొచ్చింది. దర్జీ పిల్ల నవ్వాపుకోలేక ఆ లంగా చూపించి వద్దంటుంటే, అక్క నా వైపు తిరిగి, "లోపల లంగా లేకుండా ఆడది రోడ్డు మీదికి ఎట్ల పోతాది మే? దానికి చెప్పు" అని గదమాయించింది.

తిరుగు ప్రయాణంలో అక్క అదే వేసుకుంది. దారిలో విమానం మారే చోట వరసలో నన్నాపి ఎవరి తరఫున వచ్చావు, ఏం పని చేస్తావు అని అడిగి పక్కన నిలబెట్టారు. అక్కను మాత్రం ఆ ఉద్యోగి ఎగాదిగా చూసి, ఎంతో మర్యాదగా, "మేడమ్, మీది ఏ దేశం?" అన్నాడు. అక్క తడుముకోకుండా, "కడప" అంది. ఆయన తలూపి దారిచ్చాడు.

అది మొదలు సెలవుకు ఊరికెళ్ళినా, తిరిగొచ్చినా అదే. మిగతా రోజులన్నీ నూనె మరకల నైటీ. ప్రయాణం ముందురోజు దాన్ని ఉతికి, మేడ మీద దుమ్ము పడుతుందని వంటింట్లోనే ఆరేసేది. పక్కన బటన్లకు చెయ్యందదు కాబట్టి అవి పెట్టడం నా వంతు. కాలరు దగ్గరికి రాగానే, "అది ఇడిసిపెట్టు మే, ఊపిరాడదు" అనేది. ఎందుకక్కా ఈ అవస్థ, హాయిగా చీర కట్టుకోవచ్చుగా అని ఒకసారి అడిగాను.

"చీర కట్టుకుంటే చూడంగానే పనిమనిషంటారు. ఈడ పనిమనిషిని, ఇంటికి పోతే డబ్బులు తెచ్చేదాన్ని. ఇది ఏసుకుంటే ఇమానంలో ఉన్నంతసేపూ నేనెవురో ఎవురికీ తెల్దు. నాకు సెలవంటే అదే మే." అదే గొంతుతో, "నేను ఈడ్నే పోతే దీన్నే ఏసి పంపు. పండుకోని పోయేటప్పుడన్నా మేడమ్ మాదిరి పోతా" అంది. నేను కసిరాను. "మాటియ్యి మే" అంది. ఇచ్చాను.

ఆ మాట నాకు ఇంత బరువవుతుందనుకోలేదు. కాగితాల పని మేడమ్ వాళ్ళు చూసుకున్నారు. వంటింట్లో అక్క కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో మేడమ్ కూర్చుని ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, రాత్రికి చుట్టాలొస్తున్నారని చెప్పింది. ఆవిడను తప్పు పట్టను, ఇల్లన్నాక నడవాలి. అక్క కూతురికి ఫోన్ చేసి బట్టల సంగతి చెప్పాను.

"వద్దు చిన్నమ్మా. ఊరంతా వచ్చి చూస్తారు, నవ్వుతారు. చీర కట్టి పంపు" అంది.

వాదించే శక్తి నాలో లేదు. కన్నకూతురు, తన మాటే చెల్లాలి. అలాగేనమ్మా అన్నాను. అయినా చేతులూరుకోలేదు. పచ్చ డ్రెస్సు ఉతికి వంటింట్లో ఆరేశాను. ఆ రోజంతా దాని పక్కనుంచి తప్పుకుంటూ వండాను. మర్నాడు చీర, అది, రెండూ ఇస్త్రీ చేసి సంచిలో పెట్టుకుని డ్రైవరుతో బయల్దేరాను. ఏదీ తేల్చుకోలేక దారంతా సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

ఆసుపత్రి ముందు కారు ఆగుతుంటే ఫోన్ మోగింది. అక్క కూతురే.

"చిన్నమ్మా, చీర కట్టేసినారా?"

"ఇంకా లేదమ్మా."

"ఆ పచ్చదే ఏసి పంపు. చెన్నైలో గేటు కాడ నిలబడితే జనంలో ఆ పచ్చగుడ్డనే ఎతుక్కుంటాంటి. అది కనపడితే మాయమ్మొచ్చిందని. ఇప్పుడు చీరలో వస్తే నేనేం చూసి మాయమ్మ అనుకునేది?"

నాకప్పుడు ఏడుపొచ్చింది. డ్రైవరు కారు దిగి దూరంగా వెళ్ళి నిలబడ్డాడు.

లోపలికి నన్ను రానివ్వలేదు. స్నానం చేయించే ఆవిడ తలుపు దగ్గరికొచ్చి బట్టలు తీసుకుంది. బటన్లు ఎలా పెట్టాలో చూపించాను. ఆవిడ తలూపి లోపలికెళ్తుంటే మళ్ళీ పిలిచి, నాకొచ్చిన హిందీలో చెప్పాను: "మెడ దగ్గరది మాత్రం పెట్టొద్దమ్మా, ఊపిరాడదంటుంది."

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత కాలరు మీద వేలుంచి, ఇదేనా అన్నట్టు అడిగింది.