జర్మన్ ఖాందాన్, చైనా ఖాందాన్, మధ్యల నా ట్యూషన్

మీరు టీ తాగుకుంట వినండి. నాకు వద్దు, టీ బంద్ చేసి మస్తు ఏండ్లయింది. కాని గ్లాసు గట్టిగ పట్టుకోండి. మొన్న నేను చేసిన పని వింటే చేతులనుంచి జారి పడ్తది. తాగుబోతులు, జూదగాళ్ళు పిల్లల చదువు చెడగొడ్తరని అందరికీ తెలుసు. నేను ఒక పిల్ల చదువును క్రమశిక్షణతోని చెడగొట్టిన!

మా చెల్లె బిడ్డ శ్రావణి యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్నది. దేని మీద బిడ్డా అంటే భాషల మీద అంటది. జర్మన్, డచ్, స్వీడిష్, ఇంగ్లిష్, ఇవన్నీ ఒక ఖాందాన్, ఒకటే కుటుంబం అంట. చైనాల మాట్లాడే మాండరిన్, కాంటనీస్, ఇంకా ఏమేమో, అవి ఇంకో ఖాందాన్ అంట. "మన కార్వాన్ గల్లీల పుట్టిన పిల్లవు, ఆ రెండు ఖాందాన్లతోని నీకేం చుట్టరికమే?" అని అడిగిన. నవ్వింది.

పోయిన నెల ఒకనాడు మా పాల దుకాణానికి వచ్చింది. మొఖంల కళ లేదు.

"మామా, నాకు మనుషులు కావాలె."

"ఎసొంటి మనుషులు?"

"ఇంగ్లిష్ రానోళ్ళు. జర్మన్ గాని, చైనా భాష గాని ఎన్నడూ చెవిన పడనోళ్ళు."

విషయమేందంటే, చెవులకు హెడ్‌ఫోన్ పెడ్తదంట. ఒకదాని ఎనుక ఒకటి రెండు గొంతులు మాట్లాడుతయి. రెండు భాషలూ ఒకటే ఖాందాన్‌వి అనిపిస్తే పచ్చ బటన్, వేరే వేరే అనిపిస్తే ఎర్ర బటన్ ఒత్తాలె. భాష అసలే తెల్వని మనిషి, వట్టి చెవితోని భాషల చుట్టరికం పట్టుకుంటడా లేదా, అదీ ఆమె పరిశోధన. యూనివర్సిటీల అందరికీ ఇంగ్లిష్ వస్తది. ఇంగ్లిష్ ఏమో జర్మన్ చుట్టమాయె. అందుకని వాళ్ళ చెవులు పనికిరావు. బయట గల్లీల పొంటి తిరిగితే, లోన్ ఇచ్చేటోళ్ళు అనుకొని తలుపులు ఏసుకున్నరంట.

"ఈసారి ఫలితాలు తీసుకపోకపోతే ఈ అధ్యాయం కొట్టేస్తనని మా గైడ్ అన్నడు మామా. మిషన్ గూడ ఒక్క రోజు కోసమే ఇస్తరు. మళ్ళ దొరుకుతదో లేదో."

"ఇంగ్లిష్ రానోళ్ళకు కార్వాన్ల కొదవనా? ఫికర్ చెయ్యకు. నా బాధ్యత" అన్న.

అక్కడనే ఆమె ఫోన్ల నాకు కొన్ని గొంతులు వినిపించి, పని ఎట్లుంటదో చూపించింది. నేను తోచింది చెప్పిన. "మస్తు మంచిగ చేసినవు మామా" అన్నది. తప్పులెన్ని అని అడిగితే, "దీన్ల తప్పు ఒప్పు ఉండదు మామా" అన్నది. అక్కడనే నాకు అనుమానం వచ్చింది. లోకంల తప్పు ఒప్పు లేని పని ఏదన్న ఉన్నదా? పెద్దోడు ఫేలయిండని చెప్పలేక పిల్ల మొహమాట పడుతున్నది అనుకున్న.

పోయేటప్పుడు ఇంకో మాట గూడ చెప్పింది. "ఎవ్వరికీ ఏం నేర్పకు మామా. ఊరికె వచ్చి కూసుంటె చాలు."

ఊరికె కూసుంటె చాలంట! దేశాన్ని ముంచింది ఆ మాటనే. నేను ఏ పనికీ ఊరికె పోయిన మనిషిని గాను.

తెల్లారి నుంచి మనుషులను జమ చేసిన. ఎదురుంగ గాజుల దుకాణం ఖాజా భాయ్ ఒప్పుకున్నడు. మూలమీద పూలమ్మే లక్ష్మమ్మ ఒప్పుకున్నది. మా దగ్గర పాలు పోయించుకునేటోళ్ళు ఇంకో నలుగురైదుగురు సరే అన్నరు. ఖాజా భాయ్ ఒక్కటే అడిగిండు.

"ఫేల్ అయితే ఏమైతది యాదయ్య భాయ్?"

"ఇజ్జత్ పోతది" అన్న.

"అరే, గట్లయితే మాకు కొంచెం నేర్పు మరి!"

ఆ అడుగుడే నా ప్రాణం మీదికొచ్చింది. నేర్పాలంటే ముందుగాల నాకు రావాలె కదా. ఫోన్ పట్టుకొని కూసున్న. జర్మనీ వార్తలు విన్న. డచ్చోళ్ళల్ల ఒకామె వంట చేస్తుంటే విన్న. చైనా వార్తలు, చైనా పెండ్లిండ్లు, అన్నీ విన్న. మా ఇంటామె, "ఈ వయసుల చైనాకు పోతవా ఏంది? పోయేముందు గా బర్రె సంగతి చూసి పో" అన్నది. వినంగ వినంగ నాకు ఒక దారి దొరికింది. ఒక్క మాటలనే గొంతు మెట్లెక్కి దిగుతున్నదంటే అది చైనా ఖాందాన్. మాట మొదట్లనే సుత్తెతోని ఒక దెబ్బ పడి, గొంతుల కఫం తీసినట్టు గరగర వినిపిస్తే అది జర్మన్ ఖాందాన్. ఇది నేను కనిపెట్టిన. ఆ రోజు నా గర్వం మీరు చూడవలసింది!

పగటిపూట పాల పని అయిపోయినంక దుకాణంలనే క్లాసు. పాల క్యాను మీద ఫోన్ పెట్టేటోణ్ణి. మాట్లాడుకోవద్దు. ఆలస్యంగ రావద్దు. తప్పు చెప్తే లేచి నిలబడాలె. ఒకనాడు స్వీడిష్‌ను చైనా అన్నందుకు ఖాజా భాయ్‌ని పెరుగు కుండల పక్కన నిలబెట్టిన. "నా మన్మడు చూస్తే ఏమనుకుంటడు భాయ్, జర కూసోనియ్యి!" అని బతిమాలిండు. కూసోనియ్యలే. లక్ష్మమ్మ మాత్రం పూలు అల్లుకుంటనే, తల గూడ ఎత్తకుంట, "గిది చైనాది అన్నా. మెట్లెక్కుతున్నది సూడు" అనేది. నాకు కండ్లల్ల నీళ్ళు తిరిగేటియి. మంచి శిష్యురాలు దొరికితే పంతులుకు ఇంకేం కావాలె?

ఆ రోజు రానే వచ్చింది. శ్రావణి మిషన్ తెచ్చి మా ముందర అర్రల పెట్టింది. అందరు తలకు స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని వరుసగ నిలబడ్డరు. పరీక్షకు పోయే పిల్లలకు పెట్టినట్టు అందరి నోట్ల ఇంత పెరుగు చక్కెర పెట్టిన. "గిదెందుకు మామా?" అని నవ్వింది. పాపం, అప్పటికి నవ్వుతనే ఉన్నది.

ఒక్కొక్కలే లోపలికి పోవాలె. నేను బయట అరుగు మీద కూసున్న. ఖాజా భాయ్ పోయి, కాలర్ సర్దుకుంట బయటికొచ్చిండు. లక్ష్మమ్మ పోయి, కొంగు దులుపుకుంట వచ్చింది. ఇంకిద్దరు పోయిన్రు, వచ్చిన్రు. అప్పుడు శ్రావణి తలుపు తీసి నా దిక్కు చూసింది.

"మామా, ఒక్కలకు గూడ ఒక్క తప్పు పోతలేదు."

"మన గల్లీ బిడ్డా!" అన్న, మీసం మీద చెయ్యేసి.

"గట్ల కాదు మామా. ఎవ్వరికైనా కొన్ని తప్పులు పోవాలె. వీళ్ళు గొంతు మొత్తం వినకముందే బటన్ ఒత్తుతున్నరు." లక్ష్మమ్మ దిక్కు తిరిగి, "అత్తా, నీకెట్ల తెలుస్తున్నది?" అని అడిగింది.

"గదేమన్న కష్టమా బిడ్డా? కఫం తీసినట్టుంటె జర్మన్ ఖాందాన్, మెట్లెక్కితే చైనా ఖాందాన్. మీ మామ నేర్పలేదా?"

"హౌ, హోంవర్క్ భీ దియే థే" అన్నడు ఖాజా భాయ్, ఇంటి పని గూడ ఇచ్చిండని.

శ్రావణి నన్ను చూసింది. తిట్టలే. తిడితే బాగుండు.

"నాకు రానోళ్ళు కావాలె అని చెప్పిన కదా మామా."

"వచ్చేటట్టు చేసిన బిడ్డా" అన్న. ఆ మాట నోట్ల నుంచి వచ్చినంక గాని నాకు సమజ్ కాలే.

ఆ పిల్ల గడప మీద కూసొని, ఒడిల హెడ్‌ఫోన్ పెట్టుకొని, దాని వైరు చుట్టుకుంట ఉన్నది. చుట్టుడు, విప్పుడు, మళ్ళ చుట్టుడు. సాయంత్రానికి మిషన్ వాపస్ ఇయ్యాలె. నాలుగేండ్ల చదువు. నా పెరుగు చక్కెర.

ఖాజా భాయ్ నా చెవిల, "అందరం పాసైనం కదా, మరి ఈ పిల్లకు దుఃఖమెందుకు?" అన్నడు.

"పాసైనందుకే భాయ్" అన్న.

కొంచెం సేపటికి శ్రావణి తల ఎత్తింది. "మామా, నీతోని నేర్చుకోనోళ్ళు ఎవ్వరన్న మిగిలిన్రా?"

ఒక్కడు మిగిలిండు. మల్లేశు. ఆటో నడుపుతడు. మొదటి రోజే క్లాసుకు గుట్కా నములుకుంట వస్తే గల్లీ దాక ఎల్లగొట్టిన. "నీ అసొంటోడు ఏ మంచి పనికీ పనికిరాడు" అని పదిమందిల అన్న గూడ.

ఏం చేస్తం? వాడు కూసునే పాన్ డబ్బా కాడికి పోయిన. నా జన్మల ఆ డబ్బా మెట్టు తొక్కలే.

"ఏంది యాదన్నా, తొవ్వ తప్పినవా?" అన్నడు, నోరు నిండుగ పెట్టుకొని.

"జర ఇంటికి రా తమ్మీ."

"ఏ మంచి పనికీ పనికిరానంటివి కదనే?"

"పనికొస్తవు. నువ్వొక్కనివే పనికొస్తవు" అన్న. చుట్టున్నోళ్ళు అందరు విన్నరు.

వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకున్నడు. నోట్ల గుట్కా తియ్యలే, నేను తియ్యమనలే. పచ్చ, ఎర్ర, ఎర్ర, పచ్చ, తోచింది ఒత్తిండు. "ఒక్క ముక్క సమజ్ కాలే చెల్లె" అన్నడు. శ్రావణి మొఖం వెలిగింది! "మస్తు మంచిగ చేసినవు మల్లేశన్నా! అందరు నీలెక్కనే ఉంటె ఎంత బాగుండు!" అన్నది. నా చెవుల సీసం పోసినట్టయింది. వాడు నా దిక్కు ఒక్కసారి చూసి, పోయి ఇద్దరు దోస్తులను గూడ తోలుకొచ్చిండు. గంతే. అప్పటికే పొద్దు గూకింది, మిషన్ పోయింది. ముగ్గురితోని అధ్యాయం నిలబడదంట.

జరిగింది జరిగినట్టు గైడ్‌కు చెప్తనన్నది. చెప్పిందట గూడ. ఆయన మళ్ళ మిషన్ ఇప్పిస్తడో లేదో ఇంకా తేల్చలే. అన్నం సయిస్తలేదు నాకు. ఇటు శిష్యుల లొల్లి వేరే: "ఫస్ట్ క్లాసుల పాసైనోళ్ళం, మాది రద్దు చేసి మల్లేశుగాణ్ణి ఉంచుతరా?" అని రోజూ పాల కాడ పంచాయితి.

బర్రెల ఎనుక తిరిగి ఏడో తరగతిల బడి ఇడిచినోణ్ణి నేను. ఏం రాదు, ఏం రాదు అని జీవితమంత కుమిలిన. ఆ రానితనమే బంగారమని యూనివర్సిటీ మా గడప దాక నడిచొచ్చింది.

నేనేమో, అది గడప దాటేలోపల్నే పట్టుబట్టి చదువుకొని కూసున్న!