కోయిల పిల్ల కోసం ఒక చావు కబురు

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వచ్చిన మొదటి ఎండాకాలం. హుజూరాబాద్‌లో మా ఇంటి ముందరి వేపచెట్టు మీద కాకి గూడు పెట్టింది. గూట్లో పెరుగుతున్నది మాత్రం కోయిల పిల్ల. నేను కిటికీ దగ్గర పుస్తకం తెరుచుకుని, చదువుతున్నట్టు నటిస్తూ రోజూ దాన్నే చూసేదాన్ని. ఒంటి నిండా తెల్లని చుక్కలు, ఎప్పుడూ తెరిచే ఉన్న నోరు. తిండి మోయలేక చిక్కిపోతున్నా కాకులకు అనుమానం రాలేదు. కన్నవాళ్లు పక్కింటి మామిడిచెట్టు మీద కచేరీ చేసుకుంటున్నారు.

మాది నేత ఇల్లు. ఆ వేపచెట్టు కిందే పడుగు నూలు చాపి గంజి పెట్టేవాళ్లం. ఒక పొద్దున బాపు కుంచె పట్టుకుని వంగగానే కాకి వచ్చి నెత్తి మీద తన్నింది. కాకి తంతే ప్రాణగండమని మా దగ్గర నమ్మకం. తన్నించుకున్న మనిషి చచ్చిపోయాడని దగ్గరి చుట్టాలకు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడిస్తే ఆ ఏడుపుతో గండం పోతుంది.

అవ్వ, అంటే మా అమ్మ, బాపుకు తలస్నానం చేయించి, గూడు కూలగొడతానని వెదురు గడ ఎత్తింది. నేను గడ పట్టుకుని వదల్లేదు.

"ఆ పిల్ల మీద గంత పాయిరముంటె నువ్వే పోయి మీ మేనత్తకు చెప్పిరా. ఆమె ఏడ్సిందంటే గూడు ముట్ట" అంది.

చుట్టాలొస్తే తలుపు వెనక దాక్కునేదాన్ని నేను. దారంతా ఆ ఒక్క మాటే వల్లించుకున్నాను. తీరా అత్త ముఖం చూసేసరికి "బాపు..." వరకే వచ్చింది. ఇక పిల్ల పని అయిపోయినట్టేనని నాకు ఏడుపొచ్చింది. అత్తకు ఇంకేం కావాలి? చేతిలోని చేట అక్కడే పడేసి, "ఓ అన్నా, నన్నిడ్సి పోతివా" అని శోకాలు తీస్తూ ఉరికింది. వెనకాల నేను.

బాపు వాకిట్లో తల తుడుచుకుంటున్నాడు. అత్త ఆగి, అన్నను పైనుంచి కిందిదాకా చూసి, కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"కాకి తన్నిందా?"

బాపు తలూపాడు.

"నీ పానానికి ఏం గాలే. నా పానమే పోయింది గదనే అన్నా."

తర్వాత చెట్టుకేసి చూసి, అది కోయిల పిల్ల అని కనిపెట్టింది. పరాయి పిల్ల కోసమా మా అన్నను తన్నిందని మండిపడింది. అవ్వ మళ్లీ గడ వైపు చూసింది.

"దానికి తెల్వది. ఎవ్వలు చెప్పకుండ్రి" అన్నాడు బాపు.

అత్త ఏడ్చింది కాబట్టి అవ్వ మాట తప్పలేదు, గడను మూలకు పెట్టింది. గండమైతే పోయింది గాని కాకి పోలేదు. పిల్ల ఎగిరిపోయేదాకా బాపు నెత్తిన గంప బోర్లించుకునే పడుగుకు గంజి పెట్టాడు. కాకి వచ్చి గంప మీద తన్నినప్పుడల్లా లోపలినుంచి "తన్ను బిడ్డా, తన్ను" అనేవాడు.