గురువారం నీళ్లు

రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్లుందనగా, ఒక జూన్ నెలాఖర్లో నన్ను బళ్లారికి బదిలీ చేశారు. హోదా సీనియర్ కెమిస్టు, పని నీళ్ల పరీక్ష. అంతకు ముందు పద్నాలుగేళ్లు కన్నడ కోస్తాలో చేశాను. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గరికి పడవలో వెళ్లి నీళ్లు తీసి, ఉప్పెంత, ఆక్సిజన్ ఎంత అని రాయడం నా ఉద్యోగం. అక్కడ మొదటి రోజే నేర్పే పాఠం ఒకటుంది. ఒకే చోట తీసినా, సముద్రం ఏట్లోకి ఎక్కే పోటు మీద తీసిన నీళ్లు వేరు, వెనక్కి తగ్గే పాటు మీద తీసినవి వేరు. సీసా మీద ఆ ముక్క రాసి లేకపోతే దాన్ని ల్యాబులో ముట్టుకునేవాళ్లం కాదు.

బళ్లారి నా పుట్టిన ఊరు. సొంత ఊళ్లో నాకు తెలియని నీళ్లేముంటాయిలే అనుకున్నాను. ఆ ధీమా మూడు నెలలు కూడా నిలబడలేదు.

సిరుగుప్ప తాలూకాలో వరిపొలాల నుంచి దిగిపోయిన నీళ్లు వంకల్లో చేరతాయి. కాలువ చివరన ఉన్న రైతులు, కాలువ కట్టేసిన రోజుల్లో, వంకలో మోటరు దించి తోడుకుంటారు. ఆ నీళ్లు పైరుకు పనికొస్తాయో లేదో చూసి సర్టిఫికెట్టు ఇవ్వడం మా పని. ఆఫీసు జీపు మాకు గురువారం మాత్రమే దొరికేది. నేనూ, ఫీల్డ్ అసిస్టెంటు బసప్పా వెళ్లేవాళ్లం. సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, పారే నీళ్ల మధ్యలో ముంచి, గాలి బుడగ లేకుండా మూత బిగించాలి. మీటరు ముంచితే నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూపిస్తుంది. ఉప్పు ఎక్కువైతే అంకె పెరుగుతుంది. తేదీ, టైము, స్థలం రాసి ఇద్దరం సంతకాలు పెట్టాలి. రెండు సంతకాలు లేని నమూనా చెల్లదు. సిరిగేరి దాటాక ఉన్న వంతెన దగ్గర జులైలో అంకె చక్కగా వచ్చింది. 'సాగుకు యోగ్యం' అని రాసిచ్చాను.

ఆగస్టు మొదట్లో ఒకావిడ కూల్ డ్రింకు సీసాలో నీళ్లు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. పేరు వరలక్ష్మమ్మ, యాభై దాటి ఉంటాయి. కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి కాలువ కింద స్థిరపడినవాళ్ల ఊళ్లను మా వైపు క్యాంపులంటారు. ఆ వంతెన పక్క క్యాంపులో ఆవిడది మూడెకరాల పొలం. భర్త పోయి రెండేళ్లు. వంక నీళ్లు పెట్టిన నారుమడి కొనలు తెల్లబడి ఎండిపోయిందట. కాలువ వంతులో ఇంకో అరపూట ఇస్తే గుంట నింపుకుని వంక జోలికి పోనని నీటి సంఘాన్ని అడిగింది. వాళ్లు నా సర్టిఫికెట్టు చూపించి, వంకలో మంచి నీళ్లు పెట్టుకుని కాలువ నీళ్లెందుకు అన్నారు.

బయటివాళ్లు తెచ్చిన నమూనా తీసుకోవడానికి రూల్సు ఒప్పుకోవని చెప్పాను. చెప్పిన తీరు కూడా అంత బాగాలేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. గురువారం నేనే వస్తానన్నాను. ఆవిడ సీసా మూత మళ్లీ గట్టిగా బిగించుకుని, దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆ గురువారం వెళ్లాం. అంకె మళ్లీ చక్కగానే వచ్చింది. అనుమానం ఉండకూడదని ల్యాబులో క్లోరైడు పరీక్ష కూడా చేశాను. పసుపు రంగు కలిపిన నమూనాలో వెండి లవణపు నీళ్లు చుక్క చుక్కగా వేస్తూ, ఇటుక రంగు తిరిగేదాకా చూసే పరీక్ష అది. కొన్ని చుక్కలకే తిరిగింది, అంటే ఉప్పు తక్కువ. రెండోసారి 'యోగ్యం' అని సంతకం పెట్టాను.

నెలాఖర్లో మళ్లీ వెళ్లేసరికి రెండో నారూ పోయింది. మడి గట్టు మీద ఆవిడ మరిది నిలబడి ఉన్నాడు. వదినకు నారు పోయడం చేతకాదని, ఎరువు ఎక్కువేసి మాడ్చిందని, అన్న ఉన్నప్పుడు ఎప్పుడైనా ఇలా అయిందా అని నాకే చెప్పాడు. పొలం తన చేతికి ఇచ్చేస్తే మంచిదన్నాడు. విత్తనాలు ఇంకొక్కసారికే ఉన్నాయి. అవీ పోతే ఈ కారు పంట లేక పొలం బీడే, ఆ తర్వాత పొలం మరిది చేతికే. అతను వెళ్లాక వరలక్ష్మమ్మ నాతో మెల్లగా అంది.

"గురువారం నీళ్లకి పప్పు ఉడుకుద్దండి మేడమ్ గారూ. ఆదివారం నీళ్లకి ఉడకదు."

ఆవిడ పుట్టిల్లు సముద్రం పక్కన. అక్కడ ఏ చెరువు నీళ్లు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి గుప్పెడు కందిపప్పు వేసి ఉడికించి చూసేవారట. ఉప్పూ సున్నమూ ఉన్న నీళ్లలో పప్పు బిరుసుగానే ఉండిపోతుంది. ఈవిడ వారం రోజులు, రోజుకొక చెంబు వంక నీళ్లు తెచ్చి, అదే కుండలో అంతే పప్పు వేసి, అంతసేపే ఉడికించింది. నా ల్యాబులో ఎవరికైనా అంతకన్నా పద్ధతిగా పని చెప్పి ఉండను. మరి ముందే చెప్పలేదేమని అడిగితే, మీటరు ఉన్నవాళ్ల దగ్గర పప్పు సంగతి ఎలా చెప్పనండి అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ కాలువకు నీళ్లు వదిలే వంతు బుధవారం నుంచి శనివారం దాకా. ఆ రోజుల్లో పై పొలాల్లో మిగిలిన మంచి నీళ్లు వంకలోకి దూకుతాయి. కాలువ కట్టేశాక వంకలో పారేది చౌడు నేలల్లోంచి ఊరిన ఊట ఒక్కటే. నేను చూసిందెప్పుడూ మొదటి నీళ్లు. ఆవిడ తోడుకున్నదెప్పుడూ రెండో నీళ్లు. పద్నాలుగేళ్లు పోటూ పాటూ రాసిన చెయ్యి, ఇక్కడ కాలువ పారుతోందా కట్టేశారా అన్న ముక్క రాయలేదు. జీపు దొరికిన రోజే నీళ్ల రోజు అనుకుంది.

ఆదివారం బస్సులో వెళ్తానని బసప్పతో అన్నాను. అతనికి సెలవురోజు పనంటే గిట్టదు.

"నేనూ వస్తాండా మేడం," అన్నాడు. "నా సైను లేకుంటే మీ కాగితం ఎవురు నమ్ముతారు? ఆ యమ్మ ముందర మనిద్దరమూ తప్పు చేసినాము గదా."

వంతెన కింద మీటరు ముంచాం. అంకె గురువారం దానికి నాలుగు రెట్లుంది. మీటరు పాడైందేమోనని ప్రామాణిక ద్రావణంలో పెట్టి సరిచూసి మళ్లీ ముంచాను. అదే అంకె. గట్టు మీద వరలక్ష్మమ్మ మా ఇద్దరి మొహాలూ చూస్తూ నిలబడింది. అంకె చెప్పాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయింది. బసప్ప వెళ్లి తన సీసాలోని మంచినీళ్లు ఇచ్చాడు.

పాత సర్టిఫికెట్లు రద్దు చేయమని రాస్తే, మా పై అధికారి కారణం 'కాలానుగుణమైన హెచ్చుతగ్గులు' అని రాయమన్నారు. ఆయన చెడ్డవారు కాదు, నా పెన్షను గురించి ఆలోచించారు. నేను 'నమూనా తీసిన రోజుల ఎంపికలో నా పొరపాటు' అనే రాశాను. ఆ కాగితం క్యాంపుకు తీసుకెళ్లి ఇస్తే వరలక్ష్మమ్మ తీసుకోలేదు.

"నాకెందుకండి? మా మరిది ముందు చదవండి," అంది.

నీటి సంఘం షెడ్డులో, మరిది ముందు, పదిహేనుమంది ముందు, కన్నడంలో ఒకసారీ తెలుగులో ఒకసారీ చదివాను. 'నారు పోసినవారి లోపం ఏమీ లేదు' అన్న వాక్యం దగ్గర ఆవిడ తలెత్తింది. ఇంకోసారి చదవమని ఎవరూ అడగలేదు కానీ, నేనే చదివాను. అరపూట వంతు ఆ రోజే ఇచ్చారు. మూడో నారు నిలిచింది. నాట్లు ఆలస్యమై పంట తక్కువే వచ్చింది కానీ, పొలం ఆవిడ చేతిలోనే ఉంది.

నీళ్లు బాగున్నాయని నేను సంతకం పెట్టిన ప్రతిసారీ, పక్కనే ఇంకో వాక్యం నాకు తెలియకుండానే రాసేశాను. నీళ్లు మంచివైతే, ఎండిన నారు తప్పు ఆ మనిషిదే. మా ఫారాల్లో ఆ వాక్యం ఎక్కడా అచ్చయి ఉండదు. మిగిలిన సర్వీసంతా దాన్ని కూడా చదువుకున్నాకే సంతకం పెట్టాను.