నేను జయపురంలో ‘సారు’ కొన్న రోజు

మా చిన్నప్పుడు... ఒడిశాలోని జయపురంలో కోట గోడ వారన మొదలయ్యే సంత సందు సందుకూ మారిపోయేది. మొదటి సందులో ఆకుకూరలు, రెండో దాంట్లో దుంపలు, ఆ వెనక ఎండు చేపలు, చివర అటుకులూ మరమరాలూ... కొండల మీంచి దిగిన ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి గంపలు దించేవారు. దసరా సెలవులకు రాయగడ నుంచి పెద్దమ్మ ఇంటికి వచ్చిన నాకు ఆ సంతే ఒక ఊరంత.

నాలుగు రోజులు పెద్దమ్మ వెనకే తిరిగాను. ఏ సందులో ఏం దొరుకుతుందో నోటుపుస్తకం వెనక అట్ట మీద గీతలు గీసి రాసుకున్నాను. అప్పటికి నాకు పదేళ్ళు. ఆ సందులన్నీ ఒక్కదాన్నే తిరగాలని ఒకటే కోరిక... ఐదో రోజు అడిగేశాను.

"పెద్దమ్మా, ఈయేళ సంతకి నానెల్తాను."

పెద్దమ్మ కూతురు సరోజక్క పకపకా నవ్వింది. "ఒడియా ఒక్క ముక్క రాదు, ఇది ఎల్తదట! తప్పిపోతే మళ్ళీ నానే ఎతకాల."

పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి గోనె సంచి చేతికిచ్చింది. "ఎల్లు అమ్మీ. సారు తే. మట్టి దులిపి ఏరుకో. సరిగ్గా తెచ్చినావా, సెలవులయ్యేదాకా సంత నీదే. తప్పినావా, మరి గుమ్మం దిగొద్దు."

మా ఇళ్ళలో చారుని ‘సారు’ అనే అంటాం. చారులోకి కావలసినవి తెమ్మంది కాబోలు అనుకున్నాను... చింతపండు, కొత్తిమీర, మిరియాలు అని వేళ్ళు మడుచుకుంటూ నడిచాను.

ఆకుకూరల సందులో కొత్తిమీర కట్ట అందుకుని, వచ్చిన కాస్త ఒడియాలో చారు కోసం అని చెప్పాను... "సారు పాయిఁ." అమ్మే ఆవిడ ఆ కట్ట నా చేతిలోంచి లాగేసుకుని వెనక సందు చూపించింది.

అక్కడొక ముసలావిడ తన ముందున్న దుంపల కుప్ప మీద చెయ్యి వేసింది. "ఎయిటా సారు."

"ఇది కాదు! సారు! సారు!"

"హఁ గో, సారు! సారు!"

ఇద్దరం ఒకటే మాట పట్టుకుని అరుచుకుంటున్నాం... పక్క గంప ఆవిడ నవ్వలేక కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. తల దించి చూస్తే... ఒంటినిండా మట్టితో చేమదుంపలు.

మట్టి! పెద్దమ్మ మట్టి దులపమంది కదా? చారులో మట్టి ఎక్కడిది? చింతపండుకి గోనె సంచి ఎందుకు? ఒడియాలో చేమదుంపని సారు అంటారని అప్పుడు వెలిగింది. పెళ్ళై ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్న పెద్దమ్మ ఏ సారు అడిగినట్టు?

కొత్తిమీర వైపు రెండడుగులు వేశాను... మళ్ళీ వెనక్కొచ్చాను. తప్పయితే సెలవులన్నీ గుమ్మం లోపలే. కూర్చుని ఒక్కొక్క దుంపా బొటనవేలితో రుద్ది, మెత్తబడినవి పక్కన పెట్టి, గట్టివి ఏరుకున్నాను.

సరోజక్క గుమ్మంలోనే కాపు కాసింది. "ఏదీ, సింతపండు సూపించు!"

సంచి బోర్లించాను. దుంపలు దొర్లుకుంటూ అక్క కాళ్ళ దాకా వెళ్ళాయి. ఒక దుంప ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఓలమ్మో!" అంటూ పెద్దమ్మ నన్ను దగ్గరకు లాక్కుంది. "మీ అమ్మ పెళ్ళి కాకముందు ఇక్కడికొచ్చినపుడు, ఇదే మాటకి నాలుగు కట్టలు కొత్తిమీర ఎట్టుకొచ్చింది. మీ పెదనాన్న ఇప్పటికీ ఏడిపిస్తాడు. నువ్వు మీ అమ్మని మించిపోనావే!"

అప్పుడు తెలిసింది, అది రాయగడ వాళ్ళకు పెట్టే పరీక్ష అని...

ఆ సెలవుల్లో మిగిలిన రోజులన్నీ సంచి నా భుజాన్నే. ఎండు చేపల సందులో ముక్కు మూసుకోకుండా నిలబడ్డాను. అటుకులు నోట్లో వేసుకుని కొత్తవో పాతవో చెప్పగలిగాను. ప్రతి కూరకూ రెండు పేర్లు రాసుకున్నాను... చివరి రోజు సరోజక్కే అడిగింది, "ఒసే, వెదురు మొలకలు ఏ సందులో ఉంటాయే?"

మొన్న మళ్ళీ జయపురం వెళ్ళాను. పెద్ద దుకాణంలో చేమదుంపలు కడిగి, కవర్లో కట్టి పెట్టారు. వేలితో చూపించాను, ఇచ్చేశారు. నోరు విప్పే పనే పడలేదు... ఎందుకో వెలితిగా అనిపించింది.

మిమ్మల్ని మొదటిసారి ఒంటరిగా సంతకు పంపినప్పుడు ఏం పట్టుకొచ్చారు? తప్పు తెచ్చినవాళ్ళు ముందు చెప్పండి... మా అమ్మకు చదివి వినిపించాలి!