గుర్రం ముందు బంటు

మా ఆయన పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటర్. ప్యానెల్ ముందు కూర్చుని, ఏది ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు నడపాలో చూసుకునే ఉద్యోగం. అలాంటి మనిషి ఒకరోజు బజారుకు స్కూటర్ మీద వెళ్లి ఆటోలో తిరిగొచ్చాడు. స్కూటర్ ఏదని అడిగితే నా మీదే కసురుకున్నాడు. ఇంకోసారి నైట్ డ్యూటీ ఉన్నరోజున పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని తయారయ్యాడు. ఖమ్మంలో డాక్టర్‌కు చూపించుకుందాం, అందాకా సెలవు పెట్టమని పోరు పెట్టాను.

"మతి లేనోణ్నైతే క్లబ్బుల చెస్‌ల అందర్ని ఎట్ల ఓడగొడుతున్ననే?" అన్నాడు. "ఒక్కపారి నువ్వు నన్ను ఓడగొట్టు. ఏ దవాఖానాకంటే ఆ దవాఖానాకు వస్త."

పెళ్లయిన కొత్తలో నాకు చెస్ నేర్పింది ఆయనే. నేనెప్పుడూ రాజు ముందు బంటుతో మొదలుపెట్టేదాన్ని. ఆయన టీ తాగుతూ, బోర్డు సరిగా చూడకుండానే జవాబు ఆడేవాడు. ఇప్పుడూ అంతే, వరసపెట్టి ఓడించాడు. క్లబ్బు వాళ్లూ ఎప్పుడూ ఆడే ఆటే ఆడతారు. ఆడుతున్నది ఆయన చెయ్యి, తల కాదు అని నా అనుమానం. ఆ మాట పైకంటే ఊరుకుంటాడా?

అందుకే ఫోన్‌లో వీడియోలు చూసి, మా కాలనీలో ఎవరూ ఆడని ఎత్తు ఒకటి పట్టుకున్నాను. తెల్లపావులు తీసుకుని, నడిమి బంట్లను ముట్టుకోకుండా, మంత్రి వైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్లు తోయాలి. ఖాళీ అయిన గడిలోకి ఒంటె వచ్చి కూర్చుంటే, అక్కణ్నుంచి అవతలి మూలనున్న ఏనుగు దాకా చూపు సాగుతుంది. ఈ ఒంటె ధ్యాసలో పడి పప్పు మాడ్చాను. గెలవాలని ఉండేది, ఆయనే గెలిస్తే బాగుండనీ ఉండేది. నేర్చుకున్న కొద్దీ భయం పెరిగింది.

ఆయన వీక్లీ ఆఫ్ నాడు మధ్యాహ్నం బోర్డు పరిచి, ఆ బంటును తోశాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. చాలాసేపు చూసి, తన రెండు గుర్రాల ముందున్న బంట్లను చెరో గడి జరిపాడు. ఒకే ఎత్తులో రెండూ.

వేళాకోళం అనుకుని నవ్వాను. "ఏందయ్యా, తొండి జేస్తున్నవ్?"

"తొండేంది? మొదటి ఎత్తుల రెండు బంట్లు జరపాలె గదా. ముందు ఆట నేర్చుకో."

ఆయన నవ్వడం లేదు. చిన్నప్పుడు చర్ల దగ్గర వాళ్ల ఊళ్లో అలాగే ఆడేవారట. క్లబ్బులో చేరాక ఆ పద్ధతి మానుకోవడానికి తాను పడ్డ తిప్పలు నాకు చెప్పిందీ ఆయనే. ఏం చేయాలో తోచక, నేర్చుకున్నట్టే ఒంటెను జరిపాను. మూలనున్న ఏనుగుకు అడ్డం లేదు, కాపలా లేదు. ఆయనకది కనిపించలేదు, ఇంకేదో బంటు జరిపాడు. ఏనుగును తీసేయడానికి నాకు చెయ్యి రాలేదు.

నేను ఆగిపోవడం చూసి ఆయన మళ్లీ బోర్డు వంక చూశాడు. తన బంట్లను ఒక్కొక్కటే వేలితో తాకాడు. గుర్రాల ముందు బంట్లలో ఒకదాన్ని వెనక్కి జరిపాడు.

"నువ్వు చెప్పినవ్. నీకే ఆట రాదన్న," అన్నాడు. "ప్యానెల్ కాడ గూడ ఎవలన్న చెప్తే, నేను గిట్లనే..." అని ఆపేశాడు.

ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఫోన్ తీసి నా ఒళ్లో పెట్టాడు. "షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కు నువ్వే చెప్పు. నాతోని గాదు."

ఫోన్ కలిసింది. అవతల హలో, హలో అంటున్నారు. నాకు ఏడుపు తప్ప మాట రాలేదు. చివరికి ఆయనే ఫోన్ అందుకున్నాడు.

"సార్, నన్నిగ ప్యానెల్ మీద కూసోబెట్టకుండ్రి," అన్నాడు.