మాట్లాడని పేరు

లిఫ్టులు బాగుచేసే ఆయన ఇంట్లో, గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద, ఒక పాత కంప్యూటరు ఏళ్ల తరబడి ఆగకుండా నడిచింది. దానికి తెర లేదు, కీబోర్డు లేదు. చిన్న పచ్చ దీపం, లోపల ఒక ఫ్యాను, ఆ ఫ్యాను రొద, అంతే. చుట్టాలెవరైనా వచ్చి "ఇదేంటమ్మా?" అని అడిగితే ఆయన భార్య "మా సవతి" అనేది. ఆ స్విచ్చి జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు, ఇల్లు ఊడ్చేటప్పుడు కూడా చీపురు దానికి తగలకుండా చూసుకునేది.

ఆ పెట్టెలో ఒక ఆట నడిచేది. ఆయన, ఒక బస్సు కండక్టరు, ఒక లెక్కల టీచరమ్మ సాయంత్రాలు ఎవరింట్లో వాళ్లు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఆటలో ఒక ఊరు కట్టేవాళ్లు. గోడలు లేపుతూ, కాలవలు తవ్వుతూ కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఆ మాటలు కలిపేదీ ఆ పెట్టే. నిజం చెప్పాలంటే ఆట ఒక వంక. పగలంతా పై అధికారులతో, ప్రయాణికులతో, పిల్లల తల్లిదండ్రులతో అణిగిమణిగి మాట్లాడి వచ్చిన వాళ్లకి, నోటికొచ్చినట్టు మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలి.

వీధిలో కరెంటు పోయి ఇన్వర్టరు కూడా చేతులెత్తేస్తే వాళ్ల ఊరు మొత్తం మాయమైపోయేది. "ఎందుకురా ఈ గోల, అందరిలా సర్వరు అద్దెకి తీసుకోవచ్చు కదా" అని కండక్టరు చెవిలో జోరీగలా పోరేవాడు. "అద్దె కొంపలో మేకు కొట్టాలన్నా ఇంటివాడి మొహం చూడాలి. ఇది మనది" అనేవాడు లిఫ్టాయన. ఆ మాట అబద్ధం కాదు గానీ, అసలు కారణం అది కాదు.

అసలు కారణం పొడుగు. వాళ్లలో నాలుగోవాడు, క్రేను నడిపేవాడు, మనిషి మరీ ఎత్తు కాబట్టి ఆ పేరు. పనికి వెళ్తూ రోడ్డు ప్రమాదంలో పోయాడు. కర్మకాండలు అయ్యాక లిఫ్టాయన పొడుగు వాళ్లమ్మని పలకరించడానికి వెళ్లాడు. ఆవిడ బట్టలు కుట్టి వాణ్ణి పెంచింది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది. "వాడు రోజూ ఆ గదిలో కూర్చుని తెగ నవ్వేవాడు నాయనా. అంత నవ్వేముందో నాకెప్పుడూ చెప్పలేదు. ఒక్కసారి వినిపిస్తావా?"

పెట్టె తనదే కాబట్టి ఎవరినీ అడగనక్కర లేకుండా, ఆయన వాడి పేరుతోనే ఆవిడ ఫోన్లో అంతా అమర్చి, మైకు మూసేసి ఇచ్చాడు. ఒక్కసారి అన్నది రోజూ అయింది. ఆవిడ ఒక్క మాట తీసుకుంది. "నేను వింటున్నానని వాళ్లకి చెప్పకు. పెద్దావిడ ఉందంటే నోరు కడుక్కుని మాట్లాడతారు. వాడితో ఎలా మాట్లాడేవాళ్లో అలాగే వినాలని ఉంది నాకు."

అలా సాయంత్రం కాగానే, ఆటలో వాళ్లు కబుర్లు చెప్పుకునే మాటల గదిలో ఉన్నవాళ్ల పేర్ల వరసలో పొడుగు పేరు వెలిగేది. జ్ఞాపకం కోసం లిఫ్టాయనే దాన్ని అలా ఉంచేశాడని మిగతా ఇద్దరూ అనుకున్నారు. అడగలేదు. అడిగితే తీసేస్తాడేమోనని భయం. కొన్నాళ్లకు ఆ పేరుతో మాట్లాడటం మొదలుపెట్టారు. ఒక పచ్చి జోకు పేల్చి, "ఏరా పొడుగూ, నవ్వవేంట్రా, అర్థం కాలేదా?" అనేవాడు కండక్టరు. కండక్టరు నోటికి అదుపు లేదు, బూతు లేనిదే వాక్యం పూర్తవదు. టీచరమ్మ గోడ కడుతూ, "పొడుగూ, నువ్వు చెప్పు, ఇది వంకరగా ఉందా? వీళ్లకి కళ్లు లేవు" అనేది. లేచి వెళ్లేటప్పుడు ఇద్దరూ తప్పకుండా "వస్తాంరా పొడుగూ" అనేవాళ్లు. అవతల ఆవిడ ఒంటరిగా కూర్చుని ఆ మాటలు వినేది. కొడుకుని ఇంకా ఎవరో తిడుతున్నారు, వేళాకోళం చేస్తున్నారు, వెళ్తూ వెళ్తూ చెప్పి వెళ్తున్నారు. ఆవిడకి ఆ రోజుకి అది చాలు.

అంతలో లిఫ్టాయన మామగారికి ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఆసుపత్రివాళ్లు ఆక్సిజన్ మిషన్ ఇచ్చి ఇంటికి పంపారు. ఆయనకు ఇంకెవరూ లేరు, కూతురింటికే వచ్చాడు. ఇన్వర్టరు బక్కది. కరెంటు పోతే అది ఒక్కదాన్నే మోయగలదు, ఆక్సిజన్ మిషన్‌నైనా, చెప్పుల స్టాండు మీది పెట్టెనైనా. భార్య ఏమీ అడగలేదు. ఆవిడ నోరు తెరిచి అడిగేదాకా లిఫ్టాయన రానివ్వలేదు. పచ్చ దీపం తనే ఆర్పేసి, ఊరంతటినీ అద్దె సర్వరుకి తరలించాడు.

అద్దె చోటు బాగానే ఉంది, కాదనడానికి లేదు. కరెంటు కోత లేదు, మాట తెగడం లేదు. "ఇన్నాళ్లూ నీ మొండితనం వల్ల చచ్చాం కదరా" అని కండక్టరు మురిసిపోయాడు. కానీ ఆ అద్దెవాళ్లకి ఒక నియమం ఉంది. మాటల గదిలో కాసేపు ఏ చప్పుడూ చేయని మనిషిని సర్వరు దానంతటదే బయటికి తోసేస్తుంది. ఊరికే కూర్చునేవాళ్లు చోటు ఆక్రమించకూడదని. మొదటి సాయంత్రమే పొడుగు పేరు వెలిగింది, ఆరింది. మళ్లీ వెలిగింది, మళ్లీ ఆరింది. పొడుగు వాళ్లమ్మ పాపం, తన వేలు ఎక్కడో తప్పుగా తగులుతోందనుకుని మళ్లీ మళ్లీ వస్తోంది.

ఆ నియమం తీసేయమని లిఫ్టాయన అద్దెవాళ్లని బతిమాలాడు. కుదరదని మర్యాదగా చెప్పారు. స్నేహితులకి చెబుదామంటే ఇచ్చిన మాట ఉంది. చెప్పకపోతే ఆవిడ గుమ్మం బయటే. మింగలేక కక్కలేక రెండు రోజులు గడిపాక, ఆయన వృత్తి బుద్ధి పనిచేసింది. లిఫ్టు తలుపు మధ్యలో చెయ్యి అడ్డం పెడితే అది మూసుకోదు. మనిషి మొత్తం రానక్కరలేదు, ఒక వేలు కదిలినా చాలు. ఇదీ అంతే అనుకున్నాడు. ఆవిడింటికి వెళ్లి మైకు తెరిచి, సన్నటి చప్పుడు పట్టుకునేలా సర్ది, "అప్పుడప్పుడూ ఫోన్ మీద వేలితో తట్టు పిన్నీ, చాలు. వాళ్లకి వినపడదు" అన్నాడు. తలుపుకి చెవులుండవని, ఈ గదికి ఉన్నవన్నీ చెవులేనని ఆయనకి తట్టలేదు.

ఆవిడ రెండు చేతులూ పనిలో ఉంటాయి. వేలితో తట్టడం ఎక్కడ కుదురుతుంది? చప్పుడే కదా కావలసిందని ఫోన్‌ని కుట్టుమిషన్ బల్ల మీదే పెట్టుకుంది.

ఆ సాయంత్రం కండక్టరు ఏదో బూతు కథ మొదలుపెట్టాడు. మధ్యలో, పొడుగు పేరు దగ్గరనుంచి, కుట్టుమిషన్ చప్పుడు వచ్చింది. టకటకటక పరుగెత్తి ఆగింది. మళ్లీ పరుగెత్తింది. ఆ చప్పుడు వాళ్లందరికీ తెలుసు. పొడుగు బతికున్నన్నాళ్లూ వాడి గొంతు వెనక అదే వినపడేది. కండక్టరు మాట ఆగిపోయింది. టీచరమ్మ గోడ కట్టడం ఆపి, "అమ్మా, మీరేనా?" అంది.

మిషన్ ఆగింది. "నేనేనమ్మా" అంది ఆవిడ.

ఎవరూ తప్పుగా ప్రవర్తించలేదు. అదే వచ్చిన చిక్కు. కండక్టరు ఇన్నాళ్లూ వాగినదంతా తలుచుకుని సిగ్గుతో చచ్చిపోయాడు. టీచరమ్మ ఏడ్చింది. మర్నాటి నుంచి అందరూ వేళకి వచ్చేవాళ్లు. "అన్నం తిన్నారా అమ్మా?", "మోకాళ్ల నొప్పి ఎలా ఉందమ్మా?", "మందులు వేసుకుంటున్నారా?" అని వరసగా అడిగేవాళ్లు. ఆవిడ వరసగా జవాబులు చెప్పేది. కండక్టరు "దయచేసి" అనే మాట నేర్చుకున్నాడు. ఆటలో ఎవరూ ఒక్క ఇటుక కూడా పెట్టడం లేదు. కాసేపు కూర్చుని, "ఉంటామమ్మా, జాగ్రత్త" అని వెళ్లిపోయేవాళ్లు.

కొన్నాళ్లకు ఆవిడ రావడం మానేసింది. ఒంట్లో బాగాలేదేమోనని లిఫ్టాయన పగటిపూట వాళ్లింటికి వెళ్లాడు. ఆవిడ బాగానే ఉంది, ఒక చొక్కాకి కాలరు కుడుతోంది. మంచినీళ్లు ఇచ్చింది. మామగారి ఊపిరి ఎలా ఉందని అడిగింది.

"రావడం లేదేం పిన్నీ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అయ్యో, ఎందుకంటారు నాయనా. బంగారం లాంటి పిల్లలు. కన్నతల్లిని కూడా అంత బాగా చూసుకోరు ఈ రోజుల్లో."

"మరి?"

ఆవిడ దారం తెంపి, చొక్కాని ఒళ్లో సర్దుకుంది.

"అందరూ నాతోనే మాట్లాడుతున్నారు. వాడిని పలకరించడం మానేశారు. వెళ్లేటప్పుడు నాకు చెబుతున్నారు గానీ వాడికి చెప్పడం లేదు. నేనున్నానని తెలిసిన రోజునే, వాడు లేడని వాళ్లకి తెలిసిపోయింది నాయనా."

ఆయన తల వంచుకున్నాడు. ఆవిడ ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"నేనిక రానని చెప్పు వాళ్లకి. నాకు ఆ ఫోన్ విసుగేసిందని చెప్పు. నేను వినడం లేదనుకుంటే, ఎప్పుడైనా మళ్లీ వాణ్ణి తిట్టుకుంటారేమో."