కణ్మణి బిగించిన తాడు

రాజపాళయంలో ఆస్పత్రులకు పోయే కట్టుగుడ్డ నేసే షెడ్డుల్లో అంచు పేలికలు గుట్టలుగా మిగులుతాయి. పనిచేసే ఆడవాళ్లు వాటిని ఇంటికి తెచ్చుకొని తాళ్లు పేనుకుంటారు. ఉయ్యాలకు అదే తాడు, బట్టలారేసే దండేనికీ అదే. కణ్మణి పేనిన తాడంటే ఆ వీధిలో అందరికీ గురి. భర్త పోయి పుట్టింటికి చేరిన మనిషికి తనదని చెప్పుకోవడానికి ఆ తాడు కాక మిగిలింది ఒక్కటే: తమ్ముడు పెరుమాళ్సామి కూతురు అనుప్రియ. తల్లి మిల్లు షిఫ్టులకు పోతుంటే ఆ పిల్లకు నీళ్లు పోసిందీ, జడ వేసిందీ, బడికి దింపిందీ ఈ అత్తే.

సేత్తూరు పైన కొండలో వాళ్లకొక తోట ఉంది. ఏటా గాలీ వానా పట్టే ఆడి నెలలో అందరూ ఎక్కి, అక్కడి దేవుడు కరుప్పసామికి పొంగలి పెట్టి, ఒక రాత్రి ఉండి దిగుతారు. మగవాళ్లు సామి దగ్గర పడుకుంటారు, ఆడవాళ్లు కాస్త పైన కావలి గుడిసెలో. ఈసారి ఆ గుడిసె కూలిపోయింది. అందుకని కణ్మణి టార్పాలినూ, తన తాడూ తెచ్చుకుంది. చిన్న తమ్ముడు విమల్ భార్య దేవిప్రియ టెంట్ తెచ్చింది. కొత్తగా ఇంటికొచ్చిన ఆ పిల్ల కోయంబత్తూరులో ఉద్యోగం చేస్తుంది, సెలవు దొరికితే కొండలెక్కుతుంది.

ఎక్కేటప్పుడే పడమటి గాలి చెట్లను వంచేస్తోంది. ఏటా అత్త కొంగు పట్టుకొని ఎక్కే అనుప్రియ ఈసారి దేవిప్రియ వెనకే నడిచింది. ఆ చేతికర్ర ఎందుకు, మెడలో ఆ ఈల ఎందుకు అని ఒకటే ప్రశ్నలు.

“అత్తా, చిన్నమ్మ బూట్లు చూస్తివా? బురదలో జారనే జారవంట.”

“నా కాళ్లూ జారవు. వాటిని అంగట్లో కొనలేదు, అంతే.”

దేవిప్రియ ఆగి వెనక్కి తిరిగింది. “వదినా, ఆ బియ్యం మూట ఇట్ల ఇయ్యండి. నేను మోస్తా.”

“వద్దమ్మా. వీపున ఇల్లే మోస్తుండావు. పొయ్యి కూడా ఎందుకు?”

దేవిప్రియ నవ్వింది. అనుప్రియ కూడా నవ్వింది. రెండో నవ్వు కణ్మణికి గుచ్చుకుంది.

అనుప్రియ తల్లి షిఫ్టు ఉండి రాలేదు. పొంగలి అయ్యాక ఆడవాళ్లు ముగ్గురూ పైకి వచ్చారు. మాటల్లోనే టెంట్ లేచి నిలబడింది. అనుప్రియ దాని తాడును వేలితో మీటింది. “ఎంత బిగువో చూడు అత్తా. వీణమాదిరి మోగుతుంది.”

కణ్మణి టార్పాలిన్ కొసలను చెట్లకు కట్టడం మొదలుపెట్టింది. నూలు తాడు తడిస్తే కురచవుతుంది. అందుకే మబ్బు పట్టగానే వాళ్ల వీధిలో దండేలు వదులు చేస్తారు. మరిచిపోయినవాళ్లను వాకిట్లో నిలబడి కేకలేసేది కణ్మణే. అదే కణ్మణి ఈపొద్దు చెట్టుకు కాలు తన్నిపెట్టి, పళ్లు బిగించి, తన తాడు కూడా మోగేదాకా లాగింది. కొస పట్టుకున్న అనుప్రియ ఏదో అనబోయి, అత్త ముఖం చూసి మానుకుంది.

“నేను అత్త దగ్గరే పడుకుంటా చిన్నమ్మా,” అంది తర్వాత, టెంట్ వైపు చూస్తూనే.

కణ్మణికి ఆ మాట చాలు. ఆ చూపునే ఓర్చుకోలేకపోయింది.

పొద్దు గుంకకముందే వాన దిగింది. గాలి ఒక్కో విసురుకు నీళ్లను అడ్డంగా తెచ్చి కొట్టింది. తడిసేకొద్దీ తాళ్లు కిర్రుమన్నాయి. టార్పాలిన్‌కు తాడు దూర్చిన కంతలు ఒక్కొక్కటే చిరిగాయి. చివరికి మొత్తం ఊడి, మేనత్తా మేనకోడళ్ల ముఖాన చెళ్లున కొట్టి, లోయలోకి ఎగిరిపోయింది. దేవిప్రియ బయటికి ఉరికొచ్చి ఇద్దరినీ చెరో చేత్తో టెంట్‌లోకి లాగింది.

పొడి తువ్వాలు ముందు కణ్మణికే ఇచ్చింది. “ఈ గాలికి ఏది నిలుస్తుంది వదినా? నాది నిలిచేదీ సందేహమే.”

వెక్కిరించి ఉంటే బాగుండేది. తిరిగి ఒక మాట అనే వీలుండేది.

“గాలి కాదులే. నేనే బిగిస్తిని,” అంది కణ్మణి, తల తుడుచుకుంటూ.

అనుప్రియ మెల్లగా అంది: “నాకు తెలుసు అత్తా. వదులు చెయ్యల్లని చెప్పబోతిని.”

“మరి చెప్పలేదేమి?”

“నువ్వు కోపంగా ఉంటివి. పొద్దుటినుంచి కోపంగానే ఉండావు. చిన్నమ్మతో మాట్లాడినప్పుడల్లా నిన్నే చూస్తా ఉన్నాను, భయంగా.”

కణ్మణికి చలి అప్పుడు తెలిసింది. ఈ పిల్ల తనకు భయపడటం ఇదే మొదలు. దేవిప్రియ, ఆ మాట వినపడనట్టు, టెంట్ జిప్పు సరిచూసింది.

“ఆ ఈల ఎందుకో చెప్పించుకుంటివా?” అని అడిగింది కణ్మణి, తువ్వాలు అనుప్రియకు ఇస్తూ.

“తప్పిపోతే ఊదేదానికంట.”

“చిన్నమ్మను అడిగి ఒకటి తెచ్చుకో. నీకు దారి తెలీదు.”

ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

ఇద్దరికి కుట్టిన టెంట్‌లో ముగ్గురూ సర్దుకున్నారు. నడుమ పడుకున్న అనుప్రియ కొండల కథలు వింటూ వింటూ దేవిప్రియ వైపే తిరిగి నిద్రపోయింది. కణ్మణికి నిద్ర పట్టలేదు. కాసేపటికి నిద్రలోనే ఆ పిల్ల ఒక కాలు తెచ్చి అత్త మోకాళ్ల మీద వేసింది. కింద రాయి ఒత్తుతోంది, తిమ్మిరెక్కుతోంది. అయినా కణ్మణి కదల్లేదు, కదిలితే ఆ కాలు కూడా అటు పోతుందని.